నడుము నొప్పికి తారీకు రాసుకోండి

బెంగుళూరులో నడుము నొప్పికి కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కడప అబ్బాయికైతే కుర్చీ. వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పాలమూరు మేస్త్రీకైతే సిమెంటు బస్తా. కాన్పై ఆరు నెలలైన అమ్మాయికైతే సిజేరియన్‌ అప్పుడు వెన్నుకిచ్చిన సూది. ఇవేవీ కాకపోతే బండి, గుంతలు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఉండనే ఉన్నాయి. కారణం చేతిలోనే ఉంది గనక ఇంకోటి వెతికే పని ఎవరూ పెట్టుకోరు. చాలామటుకు ఆ కారణమే నిజం కూడా. ఐదారు వారాల్లో నొప్పి దానంతటదే సర్దుకుంటుంది.

సర్దుకోని కొద్దిమందిలో కొందరికి వెన్నుపూసలో సూక్ష్మజీవి చేరి ఉంటుంది. మన దేశంలో మొదట అనుమానించాల్సింది క్షయని. తర్వాత స్టాఫిలోకాకస్ లాంటి చీము పట్టించే బాక్టీరియాని, ఆ తర్వాత గొర్రెల నుంచీ మేకల నుంచీ వచ్చే బ్రూసెల్లాని. వీటిని గుర్తించడానికి నెలలు పడుతోంది. జబ్బు దాక్కుంటుందనీ, రోగులు నిర్లక్ష్యం చేస్తారనీ మామూలుగా చెబుతుంటారు. నేనిది ఒప్పుకోను. రోగి తిరుగుతూనే ఉంటాడు. మొదట పీజీ పక్కన క్లినిక్కు, తర్వాత ఫిజియోథెరపీ, పండక్కి ఊరెళ్తే అక్కడి ఆర్‌ఎంపీ, తిరిగొచ్చాక ఆర్థోపెడిక్ డాక్టరు. నలుగురి దగ్గరా మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్ల నుంచి’ అనే. నలుగురి దగ్గరా జవాబు ‘ఈమధ్యే, బాగా ఎక్కువైంది’ అనే. ప్రతి గుమ్మం దగ్గరా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఐదో నెలలో ఉన్న నొప్పికి రెండో వారం వైద్యం దొరుకుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. బళ్లారి రోడ్డులోని నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ 1959లో మొదలైంది. అక్కడి పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాళ్లని కలిసి, ఒంట్లో బాగాలేదని తెలిశాక ఏం చేశారని అడిగారు. ఆ ఫలితాలు 1963లో అచ్చయ్యాయి. సగానికి పైగా జనం అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లే. వాళ్ల చేతికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. అరవై ఏళ్లు దాటాయి. దగ్గుకి పరీక్ష చేయాలన్న ఎరుక చాలావరకు వచ్చింది. నడుముకి మాత్రం ఇంకా ఆ సీసా దగ్గరే ఉన్నాం, కాకపోతే ఇప్పుడది పూతమందు ట్యూబు, పది డైక్లోఫెనాక్ మాత్రలు, ఒక బెల్టు.

నొప్పి తీరు చూద్దాం. కండరం పట్టేసినా, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారినా పడుకుంటే హాయిగా ఉంటుంది, వంగితేనో బరువెత్తితేనో పెరుగుతుంది. ఇన్‌ఫెక్షను నొప్పి పడుకున్నా వదలదు. నడిరాత్రి పక్కకి తిరిగితే చాలు, మెలకువ వచ్చేస్తుంది. వారం వారం కొంచెం కొంచెం పెరుగుతుందే తప్ప, ఒక రోజు బాగుండి ఒక రోజు బాగుండకపోవడం తక్కువ. బరువు తగ్గుతుంది, అన్నం సయించదు, సాయంత్రం ఒళ్లు వెచ్చబడి తెల్లవారుజామున చెమటలు పడతాయి. ఇవన్నీ కలిసి రావాలని లేదు. చీము పట్టే రకంలో కూడా దాదాపు సగం మందికి జ్వరం కనిపించదు. పైగా నొప్పికని మింగే డైక్లో, పారాసెటమాల్ జ్వరాన్ని కూడా దించేస్తాయి. జ్వరముందా అంటే లేదనే అంటారు, అబద్ధమేం కాదు. అందుకే మాత్ర వేసుకోకముందు, సాయంత్రం నాలుగుకీ ఎనిమిదికీ మధ్య థర్మామీటరు పెట్టి, వారం రోజులు కాగితం మీద అంకెలు రాయండి. బరువు కూడా అదే మిషను మీద, వారానికొకసారి.

ఎవరిని ఎక్కువ అనుమానించాలో కూడా తెలిసిందే. షుగరు ఉన్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చినవాళ్లు, ఈమధ్య కాలి పుండో సెగగడ్డో మూత్రంలో ఇన్‌ఫెక్షనో అయినవాళ్లు, సెలైన్ ఎక్కించిన చోట చీము పట్టినవాళ్లు. డిస్కు ఆపరేషన్ అయినవాళ్లది ఇంకో లెక్క. ఆపరేషన్ తర్వాత బాగా తగ్గిన నొప్పి, రెండు నుంచి నాలుగు వారాలకి మంచం కదిలితేనే అరిచేంతగా తిరిగొచ్చిందంటే డిస్కులో ఇన్‌ఫెక్షను కాదని తేలేదాకా అదే అనుకోవాలి. సిజేరియన్ సూది మీద మన ఆడవాళ్లకున్న కోపం మాత్రం చాలావరకు అన్యాయం. కాన్పు తర్వాత నడుము నొప్పులన్నీ ఆ సూది ఖాతాలో రాసేస్తాం. పాలిచ్చే తల్లి చిక్కిపోతే పాలిస్తోంది కాబట్టి అంటాం. ఆ రెండు సమాధానాల మధ్య వెన్ను క్షయ హాయిగా ఆరు నెలలు గడిపేయగలదు.

ఇక్కడ భాష గొడవ ఒకటుంది. మనం వీపు మధ్య నొప్పిని కూడా చాలాసార్లు ‘నడుము’ అనే అంటాం. కన్నడంలో ‘సొంట’ వేరు, ‘బెన్ను’ వేరు. మేస్త్రీ ‘నడుము’ అంటే పక్కనున్నవాడు ‘సొంట నోవు’ అని చెబుతాడు, డాక్టరు నడుము కింది భాగానికి ఎమ్మారై రాస్తాడు. క్షయ ఎక్కువగా కూర్చునేది వీపు కింది పూసల్లో, వీపూ నడుమూ కలిసేచోట. నడుముకే పరిమితమైన స్కాన్‌లో పైన వీపు పదో పూస దగ్గరున్న చీము పడకపోవచ్చు. కింద ఎల్ 4-5 దగ్గర, అంటే నడుము నాలుగు, ఐదు పూసల మధ్య, చిన్న డిస్క్ బల్జ్ (డిస్కు కాస్త బయటికి ఉబ్బడం) మాత్రం పడుతుంది. ముప్పై దాటినవాళ్లలో నొప్పి లేనివాళ్లకీ ఆ బల్జ్ బోలెడంతమందికి ఉంటుంది. ఇంకేం, కారణం దొరికిందనుకుని మూడు నెలలు బరువులు కట్టి నడుము లాగే ట్రాక్షన్. కాబట్టి పేరు చెప్పకండి, ఒక్క వేలితో చోటు చూపించండి.

చూసేవాళ్లకీ చేతి పని ఉంది. చొక్కా తీయించి, స్టూలు మీద కొంచెం ముందుకి వంగి కూర్చోబెట్టి, మెడ దగ్గర్నుంచి తోకెముక దాకా ఒక్కో పూసనీ బొటనవేలితో నొక్కుతూ రావాలి. తర్వాత పిడికిలి అంచుతో మెత్తగా తట్టాలి. కండరం నొప్పి వెన్నుకి అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది. పూస నొప్పి సరిగ్గా ఎముక మీద, ఒక్క చోట, తట్టగానే మనిషి ఉలిక్కిపడేలా ఉంటుంది. వేలి కణుపంత ఎత్తు తగిలిందంటే పూస ముందువైపు కూలడం మొదలైనట్టే, రేపటి గూని అదే. పిల్లలకైతే పాతకాలపు పద్ధతి ఒకటుంది. నేల మీద రూపాయి బిళ్ల వేసి తీయమనండి. వెన్ను బాగున్న పిల్ల నడుము వంచి టక్కున తీసుకుంటుంది. వెన్నులో జబ్బున్న పిల్ల వీపు కర్రలా నిలబెట్టి, మోకాళ్లు వంచి, ఒక చెయ్యి తొడ మీద ఆనించి కిందికి దిగుతుంది. దీనికి మిషనూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. క్లినిక్కుల్లో మాత్రం ఎవరూ చేయరు.

నొప్పి వెన్నులోనే ఉండాలని కూడా లేదు. వీపు పూసల నుంచి నరాల వెంట పక్కటెముకల చుట్టూ వడ్డాణంలా ముందుకి పాకితే గ్యాస్ అనుకుని ఎండోస్కోపీ దాకా వెళ్తారు. నడుము పూసల చీము, అక్కడి నుంచి తొడకి దిగే సోయస్ కండరం వెంట కిందికి జారితే గజ్జలో గడ్డ అవుతుంది. ఎర్రగా ఉండదు, కాలదు, నొక్కినా పెద్దగా నొప్పుండదు. కొన్నాళ్లు కాలు చాచలేక కుంటుతుంటే తుంటి ఎక్స్‌రే తీస్తారు, అది శుభ్రంగా ఉంటుంది.

రోగం పూసలోకి దారి చేసుకునేది ఎక్కువగా రక్తం ద్వారానే. పెద్దవాళ్ల డిస్కుకి సొంత రక్తనాళాలు ఉండవు. పూసలకి వెళ్లే ధమని చీలి పై పూస కింది భాగానికీ, కింది పూస పై భాగానికీ రక్తం ఇస్తుంది. అందుకే ఎమ్మారైలో రెండు పూసలూ మధ్యలో డిస్కూ కలిపి దెబ్బతిని కనిపిస్తాయి. క్యాన్సరు చాలావరకు పూసని తిని డిస్కుని వదిలేస్తుంది. స్టాఫిలోకాకస్ డిస్కుని కరిగించే ఎంజైములు వదులుతుంది కాబట్టి డిస్కు వారాల్లోనే నాశనమవుతుంది. క్షయ క్రిమికి అవి లేవు. డిస్కు చాలాకాలం నిలబడుతుంది, చీము మాత్రం పూసల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటు కింద పైకీ కిందికీ మూడు నాలుగు పూసల దూరం పాకుతుంది, పలచని గోడ ఉన్న పెద్ద గడ్డవుతుంది. ఇవన్నీ మొగ్గు చూపించే గుర్తులే, తీర్పులు కావు.

ఇక పరీక్షలు. నడుము నొప్పి ఉన్న ప్రతివాళ్లకీ ఎమ్మారై తీయాలని నేననడం లేదు. మొదటి ఆరు వారాలు ప్రమాద సూచనలు లేకపోతే స్కాన్ వద్దనే నియమం మంచిదే. బల్జుల వేట దానివల్లే కొంతైనా తగ్గింది. కానీ ఆ నియమంలో ‘లేకపోతే’ అనే మాట ఉంది. ఉన్నాయో లేవో అడగకుండా ఆరు వారాలు ఆగమనడం నియమం పాటించినట్టు కాదు. ఆరు వారాలు దాటినా, రాత్రి నొప్పి ఉన్నా, ముందు ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించండి. రెండూ కలిపి కొన్ని వందల రూపాయల్లో అయిపోతాయి, రిపోర్టు సాయంత్రానికొస్తుంది. తెల్లకణాల సంఖ్య మామూలుగా ఉందని ఊరట పడకూడదు, ఈ జబ్బులో అది తరచూ మామూలుగానే ఉంటుంది. రక్తం తక్కువగా ఉన్నా, వయసు పైబడినా, కడుపుతో ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది గనక ఎక్కువుందని జబ్బు ఖాయం కాదు. క్షయలో ఒక్కోసారి పెద్దగా పెరగదు గనక తక్కువుందని కొట్టేయనూ కూడదు.

ఎక్స్‌రే మీద పెట్టుకున్న నమ్మకం నిష్కారణంగా ఎక్కువ. పూసలో మూడో వంతు ఖనిజం కరిగితే గానీ ఫిల్ములో తేడా కనపడదు, అందుకు వారాలు, నెలలు పడుతుంది. ‘ఎక్స్‌రే నార్మల్’ అనే మాటకి ఈ జబ్బు విషయంలో ‘ఇంకా తొలి రోజుల్లోనే ఉన్నాం’ అని అర్థం. ఎమ్మారై రాయించుకుంటే మొత్తం వెన్ను స్క్రీనింగ్ కూడా అడగండి. క్షయ ఒక్కోసారి మధ్యలో పూసలు వదిలేసి ఇంకోచోట కూడా కూర్చుంటుంది. స్కాన్ సెంటరువాళ్లు నింపే ఫారంలో ‘నడుము నొప్పి’ అని రెండు ముక్కలు రాసి ఊరుకోకుండా నాలుగు నెలల నొప్పి, ఐదు కిలోలు తగ్గాను, షుగరుంది అని రాయించండి. అరుగుదల వల్ల పూసల అంచులు వాచినా ఇన్‌ఫెక్షనులో లాగే ఎమ్మారై టీ-1 రకం బొమ్మలో నల్లగా, టీ-2 రకంలో తెల్లగానే కనిపిస్తాయి. మోడిక్ మొదటి రకం మార్పు అంటే అదే. ఈ రెంటినీ విడదీయడానికి రేడియాలజిస్టుకి మీ కథ కావాలి.

మోడిక్ మాటొచ్చింది గనక ఇంకో సంగతి. 2013లో ఒక డెన్మార్క్ పరిశోధన ఇలాంటి మార్పులున్నవాళ్లకి వంద రోజులు యాంటీబయాటిక్ ఇస్తే నడుము నొప్పి తగ్గిందని చెప్పి పెద్ద కలకలం రేపింది. 2019లో నార్వేలో 180 మంది మీద మూడు నెలలు అమాక్సిసిలిన్ వాడి చూస్తే చెప్పుకోదగ్గ ఉపయోగం కనపడలేదు. మెడికల్ షాపులో అడిగి నడుముకి యాంటీబయాటిక్ వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అందులోనూ లీవోఫ్లాక్సాసిన్ లాంటివి క్షయ క్రిమిని కూడా కొంత చంపుతాయి. పది రోజులు కాస్త తేలికగా ఉంటుంది, తర్వాత పరీక్షలో క్రిమి దొరకదు, జబ్బు మాత్రం ఉంటుంది. ఏం జబ్బో తేలకుండా వెన్నులోకి స్టెరాయిడ్ సూది వేయించుకోవడం అంతకన్నా ప్రమాదం. పుత్తూరు కట్టుకి ఎముక విరిగినవాళ్లు వెళ్తారు, అది వేరే సంగతి. పుచ్చిన పూసని మర్దనతో ‘సెట్’ చేయించుకోబోతే మాత్రం కూలేది ఆ పూసే.

ఎమ్మారై చూసి నేరుగా క్షయ మందులు మొదలుపెట్టే అలవాటు మన దగ్గర ఉంది. ఇక్కడే నా అసలు పేచీ. ఎమ్మారై పుచ్చును చూపిస్తుంది, క్రిమి పేరు చెప్పదు. అనంతపురం వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి కుటుంబంలో మనిషికి నడుము పూస పుచ్చితే అది బ్రూసెల్లా కావచ్చు. పచ్చి మేకపాలు తాగారా, గొర్రెలు ఈనేటప్పుడు మాయ చేత్తో తీశారా అని అడగాలి. దాని మందులు వేరు, డాక్సీసైక్లిన్ ముఖ్యం. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ బ్రూసెల్లాని సగం అణచి, సరిగ్గానే మందిస్తున్నామన్న భ్రమ కలిగిస్తుంది. ఒకవేళ క్షయే అయినా, మందులకి లొంగని రకమైతే తెలిసేది పూస నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడే (బయాప్సీ). ఖర్చనీ భయమనీ వాయిదా వేస్తారు. సీటీలో చూస్తూ సూదితో ముక్క తీయడం చాలావరకు ఆ చోటు మాత్రమే మొద్దుబారే మత్తుతో అయిపోయే పని. కాళ్లు పడిపోతున్నప్పుడు, ఇన్‌ఫెక్షను రక్తంలో పాకి ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, బయాప్సీకి కొన్ని రోజులు యాంటీబయాటిక్ ఆపి ఆగవచ్చు. అంతకుముందే రెండు వేర్వేరు చోట్ల నుంచి కల్చరుకి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి, రక్తం తీయాలి. అందులో స్టాఫిలోకాకస్ ఆరియస్ పెరిగితే వెన్నులోకి సూది అక్కర్లేకుండానే సమాధానం దొరికినట్టు.

ముక్క తీశాక జరిగే పొరపాటు మరీ బాధాకరం. ట్రేలో డబ్బాలు రెండు ఉండాలి. ఒకదాంట్లో ఫార్మలిన్, ముక్కుకి ఘాటుగా తగులుతుంది. రెండోదాంట్లో శుభ్రమైన సెలైన్, వాసన లేదు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో ఒక్క క్రిమీ బతకదు, అది మైక్రోస్కోపు కింద చూసేందుకే. కల్చరుకీ, క్షయ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ పరీక్షకీ సెలైన్‌లోది కావాలి. అలవాటుగా మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే వారం తర్వాత ‘గ్రాన్యులోమా, క్షయ కావచ్చు’ అని ఒక కాగితం వస్తుంది. క్రిమికి మందులు లొంగుతాయో లేదో చెప్పేవాళ్లుండరు. కాబట్టి లోపలికి వెళ్లేముందే ఇంట్లోవాళ్లు ‘సార్, సెలైన్‌లో కూడా పంపుతున్నారు కదా’ అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. సీబీనాట్ రెండు గంటల్లో క్షయ క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెబుతుంది. ద్రవంలో పెంచే కల్చరు ఆరు వారాల దాకా తీసుకుంటుంది. బ్రూసెల్లా అనుమానముంటే ల్యాబుకి ముందే చెప్పాలి, గాలిలో తేలి పరీక్ష చేసేవాళ్లకే అంటుకుంటుంది. రక్తంలో క్షయ యాంటీబాడీ పరీక్షల్ని మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. రక్తంతో చేసే టీబీ గోల్డ్, చర్మం మీద చేసే మాంటూ ఒంట్లోకి క్రిమి ఎప్పుడో వచ్చిందని చెబుతాయంతే, ఇప్పుడు పూసని తింటున్నది అదేనని చెప్పవు.

చీము రకానికి మామూలుగా ఆరు వారాల యాంటీబయాటిక్. క్షయకి మన దేశపు మార్గదర్శకాల ప్రకారం పన్నెండు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు. అవసరమైతే పద్దెనిమిది నెలల దాకా పొడిగిస్తారు. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం ఆపరేషన్ చేసినవాళ్లనీ, మందులు వేసుకుంటూ లేచి తిరిగినవాళ్లనీ పదేళ్లు గమనించింది. కాళ్లు పడిపోనివాళ్లలో మందుల దారి ఏమాత్రం వెనకబడలేదు. నెలల తరబడి మంచానికి కట్టేయడం, ప్లాస్టరు జాకెట్టు వేయడం పోవడానికి ఇలాంటి పనే కారణం. కాళ్లలో బలం తగ్గుతుంటే, పూస కూలి వెన్ను నిలవకపోతే, గూని పెరుగుతుంటే అప్పుడు కత్తి కావాలి.

మందులు మొదలైన మూడో నెలలో తీసిన ఎమ్మారై కొన్నిసార్లు ముందుకన్నా ఘోరంగా కనిపిస్తుంది. ఎముక మానుతున్నా స్కాన్ వెనకబడి ఉంటుంది. దాన్ని చూసి మందులు మార్చేసేవాళ్లున్నారు. అంతకంటే నొప్పి తగ్గిందా, బరువు పెరిగిందా, సీఆర్‌పీ దిగిందా అన్నవే నమ్మదగ్గవి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్ల, భయం లేదు. వాంతులు, కళ్లు పచ్చబడటం ఉంటే అదే రోజు మాత్రలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోతే అది ఆ మందుల్లోనే ఒకటైన ఇథాంబుటాల్ పని. గర్భనిరోధక మాత్రలు రిఫాంపిసిన్‌తో పని చేయవు, ఈ ముక్క కొత్తగా పెళ్లైనవాళ్లకి ఎవరూ చెప్పరు. వెన్ను క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఎక్స్‌రేలో తేలితే కంచం, గ్లాసు వేరు చేయాల్సిన పని లేదు.

వీటన్నిటికీ ఆగని స్థితి ఒకటుంది. నడుస్తుంటే దూది మీద అడుగేసినట్టుండటం, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, కాళ్లు బిర్రబిగుసుకోవడం. వెన్నుపాము నలుగుతోందని అర్థం. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఆ రాత్రికి రాత్రే ఎమ్మారై, వెన్ను సర్జను ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. వారం ఆగి వెళ్తే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.

ఫైలు అట్ట మీద నొప్పి మొదలైన తారీకు పెద్ద అక్షరాలతో రాసి, దాని కిందే వాడిన ప్రతి మందు పేరూ, ఎన్ని రోజులో కూడా రాసుకోండి. క్షయ అని తేలితే ప్రైవేటులో చూపించుకున్నా ప్రభుత్వ క్షయ రిజిస్టరైన నిక్షయ్‌లో మీ నంబరు (ఐడీ) అడిగి తీసుకుని దాన్నీ అక్కడే రాయండి, 2012 నుంచి ప్రైవేటు డాక్టరు కూడా ప్రభుత్వానికి తెలపాల్సిందే. సంక్రాంతికి మడివాళలో బస్సెక్కేముందు సంచిలో మాత్రలెన్నున్నాయో లెక్కపెట్టుకోండి. తిరుగు ప్రయాణం టికెట్టు దొరక్కపోతే ఆ నంబరు చూపించి కదిరిలోనైనా, కర్నూలులోనైనా ప్రభుత్వాసుపత్రిలో మిగతా మాత్రలు తీసుకోవచ్చు.